పెట్టీ కేసే కదా అనుకునే ముందు

మీ ప్రశ్న, వకీలు జవాబు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాట చుట్టూ తిరిగాయి: పెట్టీ కేసు. ఒకరు అర్థం అడిగారు, ఒకరు భయపడుతూ రాశారు, ఒకమ్మ అమెరికాలో ఉన్న కొడుకు కోసం రాసింది. నేను పాతికేళ్లుగా మేజిస్ట్రేటు కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. పొద్దున పదిన్నరకి కోర్టు వరండాలో నా చెవిన పడే మొదటి మాట కూడా ఇదే. “ఏం లేదు మేడం, పెట్టీ కేసే.” ఆ ‘ఏం లేదు’ గురించి రాయాలని ఎన్నాళ్లుగానో ఉంది. అందుకే ఈసారి వీలునామాలు, పొలం గట్టు తగాదాల ఉత్తరాలు పక్కన పెట్టాను. వాళ్లకి వచ్చే నెల జవాబిస్తాను.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన తెలుగు మాస్టారిని. ఒకచోట ‘పెట్టీ కేసు’ అనీ, ఇంకోచోట ‘పెట్టి కేసు’ అనీ చదువుతున్నాను. మా వీధిలో చాలామంది పోలీసులు పెట్టిన కేసు కాబట్టి ‘పెట్టి కేసు’ అనుకుంటున్నారు. నిఘంటువు తీస్తే మిస్‌డిమీనర్ అనే మాటకి ‘దుష్ప్రవర్తన’ అని ఉంది. ఇవన్నీ ఒకటేనా? అసలు చట్టంలో ఈ మాట ఉందా, లేక మనవాళ్ల వాడుకేనా? (తెనాలి)

జవాబు: మాస్టారూ, దీర్ఘమే సరైనది. ఫ్రెంచిలో ‘పెతీ’ అంటే చిన్న. అది ఇంగ్లీషులోకి వచ్చి పెట్టీ అయింది. ఆఫీసుల్లో చిల్లర ఖర్చులకి పెట్టీ క్యాష్ అని ఉంచుతారు చూడండి, ఆ పెట్టీయే ఇది. పత్రికల్లో అప్పుడప్పుడు ‘చిల్లర నేరాలు’ అని రాస్తుంటారు. నాకు ఆ మాట చాలా ఇష్టం. చెప్పగానే ఎవరికైనా అర్థమవుతుంది.

మిస్‌డిమీనర్ సంగతి వేరు. ఇంగ్లండులో పూర్వం పెద్ద నేరాలని ఫెలొనీలనీ, చిన్నవాటిని మిస్‌డిమీనర్లనీ విడదీసేవారు. 1967లో వాళ్లే ఆ తేడా తీసేశారు. అమెరికాలో ఇప్పటికీ ఉంది. మన దేశంలో 1860 నాటి ఐపీసీ, అంటే పాత శిక్షాస్మృతిలోనూ లేదు, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ లేదు. మన చట్టం వేరే ప్రశ్నలు వేస్తుంది. పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోవచ్చా? బెయిలు హక్కుగా వస్తుందా, లేక కోర్టుని అడుక్కోవాలా? చిన్న శిక్షలుండే సమన్సు కేసా, పెద్ద శిక్షలుండే వారెంటు కేసా? ఇక ‘దుష్ప్రవర్తన’ అన్న అర్థం మనల్ని దారి తప్పిస్తుంది. ఉద్యోగి మీద శాఖాపరమైన చర్య తీసుకునేటప్పుడు రాసే మాట అది. దానికీ కోర్టులో నేరానికీ సంబంధం లేదు.

పెట్టీ అనే మాట మాత్రం చట్టంలో ఉంది. కేసులు ఎలా నడపాలో చెప్పే కొత్త చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహిత. దాని 229వ సెక్షను ప్రకారం, జరిమానా మాత్రమే శిక్షగా ఉండి, ఆ జరిమానా 5,000 రూపాయలు మించని నేరం పెట్టీ నేరం. దానికి ముందున్న పాత సీఆర్‌పీసీ 206వ సెక్షనులో ఈ హద్దు 1,000 రూపాయలే. ఇక్కడ జనం పొరపాటు పడేది ఒకచోట ఉంది. చూడాల్సింది కోర్టు వేసిన జరిమానా కాదు, ఆ సెక్షనులో ఎంతవరకు వేయొచ్చో అది. కోర్టు దయతలచి వంద రూపాయలతో వదిలినా, ఆ సెక్షనులో ఒక్కరోజు జైలు మాట ఉంటే చట్టం లెక్కలో అది పెట్టీ నేరం కాదు. తాగి నలుగురిలో అల్లరి చేయడమే తీసుకోండి. న్యాయ సంహిత 355వ సెక్షను. 24 గంటల సాదా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. ఊరంతా దాన్ని పెట్టీ కేసే అంటారు. సెక్షను చదివితే కాదు.

మోటారు వాహనాల చట్టం కింది నేరాల్ని కూడా 229 బయటే ఉంచింది. డ్రంకెన్ డ్రైవ్‌లో పట్టుబడి “ఫైన్ కట్టేశా, పెట్టీ కేసే” అనేవాళ్లకి ఇది తెలియాలి. 185వ సెక్షను కింద మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు.

వాడుకలో మాత్రం ఈ మాట బాగా సాగింది. జైలుకి పోకుండా ఫైనుతో తేలిపోయేదల్లా మనవాళ్లకి పెట్టీ కేసే. ఆంధ్ర వైపు పాతతరం కానిస్టేబుళ్లు దీన్నే ‘టౌన్ న్యూసెన్స్’ అంటారు, 1889 నాటి మద్రాసు పట్టణ న్యూసెన్సుల చట్టం పేరు మీద. కోర్టు రికార్డులో వీటికి ఎస్‌టీసీ నంబరు పడుతుంది, అంటే సంక్షిప్త విచారణ కేసు. మీ వీధిలో ఎవరికైనా సమన్సు వస్తే ముందు ఆ మూడు అక్షరాల కోసం చూడమనండి.

ప్రశ్న: మేడం, బస్టాండు దగ్గర ఇడ్లీ బండి నాది. రోడ్డుకి అడ్డం అని రెండుసార్లు ఫొటో తీసి పెట్టీ కేసు రాశారు. వాయిదాకి వెళ్తే ఆ పూట వ్యాపారం పోతుంది. వెళ్లకుండా కట్టే దారి ఉందా? (విజయవాడ)

జవాబు: ఉంది. దారికి అడ్డం అనేది న్యాయ సంహిత 285, జరిమానా 5,000 దాకా. ఐపీసీలో ఇదే నేరానికి 200 రూపాయలే ఉండేది, కాబట్టి ‘ఎప్పుడూ కట్టేదే కదా’ అనుకోకండి. 229 కింద కోర్టు పంపే ప్రత్యేక సమన్సులో జరిమానా ఎంతో రాసి ఉంటుంది. నేరం ఒప్పుకుంటున్నట్టు ఉత్తరం, ఆ డబ్బు పోస్టులో పంపొచ్చు, మనిషి చేత పంపించొచ్చు, లేదా వకీలుకి రాతపూర్వకంగా అధికారం ఇచ్చి ఆయన ద్వారా కట్టొచ్చు. సమన్సు మామూలుదైతే మాత్రం ఈ వీలు ఉండదు, హాజరు కావాలి.

కానీ నెలనెలా ఇలా ఒప్పుకుంటూ పోవడం నాకు ఇష్టం లేదు. మీకు మున్సిపాలిటీ ఇచ్చిన వీధి వ్యాపారి గుర్తింపు ఉందా? 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే, సర్టిఫికెట్, బండి పెట్టుకునే చోటు, అన్నీ అందులో ఉన్నాయి. లేకపోతే ముందు దానికి అర్జీ పెట్టండి. ఉంటే ఆ కాగితం కోర్టులో చూపించండి, ఒప్పుకోకండి. కొత్త చట్టాలు వచ్చిన మొదటి రోజే ఢిల్లీ రైల్వే స్టేషను దగ్గర ఒక చిన్న వ్యాపారి మీద ఇదే 285 కింద కేసు రాసి, దేశమంతా అడిగేసరికి వెనక్కి తీసుకున్నారు. బండి మీద బతికేవాడికే ఈ సెక్షను ముందు తగులుతుంది. అందుకే కాగితాలు దగ్గర ఉంచుకోమంటున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ ఆఖరు సంవత్సరం. స్నేహితుడి పుట్టినరోజని రాత్రి పన్నెండుకి రోడ్డు మీద కేక్ కోశారు, పటాకులు పేల్చారట. పోలీసులు ఆరుగురినీ స్టేషనుకి తీసుకెళ్లి, నా చేత సంతకం పెట్టించుకుని పంపించేశారు. రెండు నెలలకి కోర్టు సమన్సు వచ్చింది. న్యూసెన్సు అట. అందరూ “ఒప్పుకుని ఫైన్ కట్టెయ్, పది నిమిషాల పని” అంటున్నారు. వాడు కానిస్టేబులు పరీక్షకి తయారవుతున్నాడు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. (మిర్యాలగూడ)

జవాబు: మీరు రాయడం మంచిదైంది. ఆ పది నిమిషాల పని గురించే నేను ఈ నెల ఈ పేజీలో ఎక్కువ చెప్పదలచుకున్నాను.

పెట్టీ కేసుల రోజు కోర్టు హాల్లో ఏం జరుగుతుందో చెప్తాను. గోడవారగా పదిహేను ఇరవై మంది నిలబడి ఉంటారు, అందరూ కుర్రాళ్లే. సెల్‌ఫోన్లు ఆఫ్ చేసి జేబుల్లో పెట్టుకుని, చేతులు ముందుకి కట్టుకుని ఉంటారు. వరండాలోనే ఎవరో చెప్పి ఉంటారు, అయ్యగారు అడిగితే ‘ఒప్పుకుంటున్నా’ అను, ఇంకేం మాట్లాడకు అని. బెంచి క్లర్కు నంబరు, పేరు పిలుస్తాడు. ఫలానా రోజు ఫలానా చోట న్యూసెన్సు చేశావని కేసు, ఒప్పుకుంటున్నావా? ఒప్పుకుంటున్నా సార్. జరిమానా ఇంత. పక్క గదిలో డబ్బు కట్టి రసీదు తీసుకుని బయటికి వస్తాడు. వరండాలో నవ్వుతాడు కూడా, గండం గడిచిందని. తను ఇప్పుడే ఒక క్రిమినల్ కేసులో దోషిగా తేలానని వాడికి ఎవరూ చెప్పరు.

నేనూ చెప్పలేదు ఒకసారి. జూనియర్‌గా చేరిన కొత్తలో, జాతరలో తోపులాటకి పట్టుకొచ్చిన ఒక అబ్బాయిని వాళ్లమ్మ నా దగ్గరికి తీసుకొచ్చింది. ఇంటర్ చదువుతున్నాడు. నా దగ్గర ఆ రోజు వేరే రెండు వాయిదాలున్నాయి. “చిన్న కేసమ్మా, ఒప్పుకుంటే యాభయ్యో వందో వేస్తారు, వెళ్లిపోవచ్చు” అన్నాను. యాభై రూపాయలు వేశారు. నాలుగేళ్ల తర్వాత అతనే వచ్చాడు. పోలీసు ఉద్యోగానికి సెలెక్టయ్యాడు. అటెస్టేషన్ ఫారంలో ‘మీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా, జరిమానా పడిందా’ అన్నచోట ‘లేదు’ అని రాశాడు. విచారణలో పాత ఎస్‌టీసీ బయటపడింది. ఎంపిక రద్దయింది. అబద్ధం చెప్పాలని రాయలేదు మేడం, కేసు అయిపోయింది కదా అనుకున్నాను అన్నాడు. రేషను కార్డు పెట్టే ప్లాస్టిక్ కవరులోంచి ఆ యాభై రూపాయల రసీదు తీసి నా బల్ల మీద పెట్టాడు. మడతల దగ్గర చిరిగిపోతే వెనక టేపు అంటించి ఉంది. తను నిర్దోషినని చెప్పే కాగితం అనుకుని నాలుగేళ్లు దాచుకున్నాడు దాన్ని. అది దోషి అని చెప్పే కాగితం అని నేను అప్పుడు చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత అతనికి వయసు హద్దు దాటిపోయింది. అప్పటి నుంచి ‘ఒప్పుకో’ అనే మాట ఎవరికీ నిలువుకాళ్ల మీద చెప్పడం లేదు.

ఇది నా ఒక్కదాని బాధ కాదు. హర్యానాలో ఒక చిన్న ఉద్యోగికి ఐపీసీ 294వ సెక్షను (నలుగురిలో అసభ్య ప్రవర్తన) కింద 20 రూపాయల జరిమానా పడింది. దాన్నే పట్టుకుని ఉద్యోగం తీసేశారు. 1996లో సుప్రీంకోర్టు ఆ తొలగింపు తప్పని చెప్పింది. అంతటితో ఆగకుండా, చిన్నాచితకా కేసుల్లో 2,000 రూపాయల దాకా పడే జరిమానాని ప్రభుత్వోద్యోగం విషయంలో శిక్షగా లెక్కించకుండా చట్టం తేవాలని పార్లమెంటుకి సూచించింది. చిన్న సంఘటన కోసం ఒక యువకుడి జీవితాన్ని పణంగా పెట్టకూడదని బాధగా రాశారు ఆ తీర్పులో. ఆ సూచన వచ్చాక ఎన్ని పార్లమెంటులు మారాయో లెక్కపెట్టుకోండి. కొత్త సంహితలు రాసినప్పుడైనా పెడతారని నేను ఆశపడ్డాను.

ఇప్పుడు మీ అబ్బాయి విషయం. ముందు సమన్సు, దానితో ఉండాల్సిన పోలీసు కాగితాల కాపీ చేతిలో పెట్టుకోండి. కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. సెక్షను ఏమిటో చూడండి. సాధారణ పబ్లిక్ న్యూసెన్సు అయితే న్యాయ సంహిత 292, జరిమానా 1,000 దాకా, జైలు లేదు. ఇది పోలీసులు సొంతంగా దర్యాప్తు చేయగల నేరం కాదు, మేజిస్ట్రేటు అనుమతి కావాలి. తీసుకున్నారా? జరిమానా మాత్రమే ఉన్న నేరాన్ని కోర్టు ఆరు నెలల లోపే విచారణకి తీసుకోవాలన్న గడువు కూడా ఉంది, తేదీలు సరిచూసుకోవాలి. మీ అబ్బాయి నిజంగా అక్కడ అల్లరి చేశాడా, లేక కేకు తినడానికి వెళ్లి నిలబడ్డాడా? వాడి చేత నిజం చెప్పించండి, తిట్టకుండా. చేయకపోతే ఒప్పుకోనక్కర్లేదు. విచారణ అడగండి. రెండు మూడు వాయిదాలు తిరగాల్సి వస్తుంది, తిరగండి. ఒకసారి ఒప్పుకున్నాక అప్పీలుకి దాదాపు దారి ఉండదు, శిక్ష ఎక్కువైందనో చట్టప్రకారం లేదనో తప్ప.

చేసిన మాట నిజమే అయితే, అబద్ధం ఆడమని నేను చెప్పను. కానీ అప్పుడు కూడా ఊరికే ఒప్పుకుని ఫైన్ కట్టి రావద్దు. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం 3వ సెక్షను ఉంది. ఇంతకు ముందు ఏ శిక్షా లేనివాణ్ణి, చిన్న నేరమైతే, జరిమానా కూడా వేయకుండా మందలించి వదిలేసే అధికారం మేజిస్ట్రేటుకి అది ఇస్తుంది. అలా వదిలితే, శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటకూడదని అదే చట్టం 12వ సెక్షను చెబుతుంది. ఇది అడిగితేనే వస్తుంది. అడిగేవాళ్లే లేరు. పేజీన్నర మెమో, కాలేజీ ప్రిన్సిపాల్ ఇచ్చే నడవడిక సర్టిఫికెట్, వాడి మార్కుల కాగితాలు. మీ వకీలు చేత ఇవి వేయించండి. మీ కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవల కమిటీ ఉంటుంది, ఫీజు ఇచ్చుకోలేని పరిస్థితి అయితే అక్కడ అడగండి, లేదా 15100కి ఫోను చేయండి.

ఫలితం ఏదైనా, తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసి భద్రపరచండి. రేపు అటెస్టేషన్ ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయాలి. కేసు నంబరు, తేదీ, సెక్షను, ఏమైంది, అన్నీ. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే: సమాచారం నిజంగా ఇవ్వాలి, దాచకూడదు. మరీ అల్పమైన కేసు దాచినా, అధికారి దాన్ని క్షమించొచ్చని కూడా ఆ తీర్పులో ఉంది. కానీ అది అధికారి విచక్షణ, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. నిజం రాసినా ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, గతాన్ని చూసే హక్కు వాళ్లకి ఉంటుంది. అయినా ‘రోడ్డు మీద కేకు కోశాడు’ అన్న నిజాన్ని ఏ అధికారైనా అర్థం చేసుకునే వీలుంది. ‘లేదు’ అన్న అబద్ధానికి ఆ వీలు చాలా తక్కువ.

ఇంకొక్క మాట. కేసు కోర్టులో నడుస్తున్నంతకాలం పాస్‌పోర్టుకి అర్జీ పెడితే ఆగుతుంది, చిన్న కేసైనా సరే. అత్యవసరమైతే ఆ కోర్టు నుంచే అనుమతి తెచ్చుకోవాలి.

ప్రశ్న: మాది కిరాణా కొట్టు. పదిహేనేళ్ల కుర్రాడు సబ్బులు, చాక్లెట్లు కలిపి మూడొందల సరుకు చొక్కాలో దాచుకుంటూ దొరికాడు. స్టేషనుకి ఫోను చేస్తే “అయిదు వేల లోపు, మేము కేసు కట్టలేం” అన్నారు. మరి దొంగతనం చేసేవాడికి భయం ఎలా? (మార్కాపురం)

జవాబు: స్టేషనులో చెప్పింది పూర్తిగా తప్పు కాదండీ. కొత్త న్యాయ సంహితలో 5,000 రూపాయల లోపు దొంగతనం, మొదటిసారి అయితే, సొమ్ము తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవ శిక్ష. దానికి మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయకూడదు. ఐపీసీ రోజుల్లో దొంగతనానికి ఇలాంటి హద్దు ఉండేది కాదు, రూపాయి సబ్బు బిళ్లకైనా మూడేళ్ల సెక్షనే.

కానీ మీ కేసులో అసలు సంగతి వాడి వయసు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకి జువెనైల్ జస్టిస్ చట్టం వర్తిస్తుంది. అందులో ‘పెట్టీ నేరం’ అన్న మాటకి అర్థం ఇంకా విశాలం. గరిష్ఠంగా మూడేళ్ల దాకా జైలు ఉన్న ప్రతి నేరమూ పిల్లల విషయంలో పెట్టీ నేరమే. మాస్టారి ప్రశ్నకి ఇది కూడా జవాబే. ఒకే మాటకి ఒక చట్టంలో 5,000 రూపాయల జరిమానా హద్దు, ఇంకో చట్టంలో మూడేళ్ల జైలు హద్దు. అలాంటి నేరాల్లో పిల్లల మీద ఎఫ్ఐఆర్ కట్టరు, స్టేషను డైరీలో రాసి, పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకి తెలియజేస్తారు. విచారణ ఆరు నెలల్లో తేలకపోతే అక్కడితో ముగిసిపోతుంది. పెద్దయ్యాక ఆ మచ్చ వాడి ఉద్యోగానికి అడ్డు రాకూడదని 24వ సెక్షను.

భయం ఎలా అని అడిగారు. వాడి అమ్మానాన్నల్ని కొట్టుకి పిలిపించి, వాళ్ల ముందు వాడి చేతే సరుకు తిరిగి బల్ల మీద పెట్టించండి. కొట్టొద్దు, వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టొద్దు. రెండోది చేస్తే నేరం మీదవుతుంది, పిల్లల ముఖం, పేరు బయటపెట్టడం అదే చట్టం కింద శిక్షార్హం. సబ్బు ఎందుకు తీశాడో కూడా అడగండి. చాక్లెట్ ఎందుకో అర్థమవుతుంది, సబ్బు గురించే నేను ఆలోచిస్తున్నాను.

ప్రశ్న: ఎలక్షన్లకి ముందు మా ఆయన్ని తహసీల్దారు ఆఫీసుకి పిలిచి బైండోవర్ చేశారు. ఊళ్లో అందరూ ‘మీ ఆయన మీద కేసుంది’ అంటున్నారు. మా పాప పెళ్లి సంబంధాలు చూస్తున్నాం. ఇది శిక్షేనా? (నరసరావుపేట)

జవాబు: కాదమ్మా. బైండోవర్ అంటే జరిగిన నేరానికి శిక్ష కాదు. గొడవ చేయకుండా ఉంటానని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ముందు పూచీకత్తు రాసివ్వడం. సురక్షా సంహిత 126 కింద అయితే ఏడాది వరకే ఉంటుంది. ఆ బాండు కాపీలో తేదీ చూసుకోండి, గడువు తీరితే అయిపోయినట్టే. ఆ లోపల గొడవల్లోకి వెళ్లకుండా చూసుకోమనండి, బాండు మీరితే రాసిచ్చిన డబ్బు కట్టాల్సి వస్తుంది. పాప పెళ్లికి దీనితో సంబంధం లేదని, నా పేరు చెప్పి, ఈ పేజీ చూపించి చెప్పండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, ఉద్యోగాల ఫారాల్లో బైండోవర్ గురించి కూడా అడుగుతారు. అడిగినచోట రాయాలి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో టెక్సస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. పెద్ద స్టోరులో సెల్ఫ్ చెకౌట్ దగ్గర కొన్ని వస్తువులు స్కాన్ చేయకుండా బ్యాగులో వేశాడని పట్టుకున్నారు. విలువ 140 డాలర్లట. మిస్‌డిమీనర్ అన్నారు. అక్కడి తెలిసినవాళ్లు “మన పెట్టీ కేసు లాంటిదే ఆంటీ, ఒప్పుకుంటే ఫైనో, కమ్యూనిటీ సర్వీసో” అంటున్నారు. వాడు ఫోనులో ఏడుస్తున్నాడు. (ఖమ్మం)

జవాబు: అమ్మా, ముందు మీరు ధైర్యంగా ఉండండి, వాడితో కోపంగా మాట్లాడకండి. పరాయి దేశంలో ఒంటరిగా ఉన్నాడు. నేను అక్కడ ప్రాక్టీసు చేసే వకీలుని కాను. కానీ మీవాళ్లు చెప్పిన పోలిక ప్రమాదకరమైంది కాబట్టి అంతవరకు చెప్తాను.

మన పెట్టీ నేరంలో జైలు మాటే లేదు. అక్కడ మిస్‌డిమీనర్ అంటే ఏడాది దాకా జైలు పడే నేరం కూడా అవుతుంది. టెక్సస్‌లో దొంగిలించిన వస్తువు విలువ 100 డాలర్ల లోపు ఉంటే క్లాస్ సి, 500 డాలర్ల దాకా జరిమానా మాత్రమే. మన పెట్టీ కేసుకి దగ్గరగా వచ్చేది అదొక్కటే. 100 నుంచి 750 లోపు క్లాస్ బి, 180 రోజుల దాకా జైలు. 750 నుంచి 2,500 లోపు క్లాస్ ఏ, ఏడాది దాకా. మీ అబ్బాయిది 140 అంటే క్లాస్ బి అవుతుంది.

స్థానిక కోర్టు కన్నా వీసా వాళ్లు దాన్ని ఎలా చూస్తారన్నది వాడికి ముఖ్యం. దొంగతనాన్ని ఇమ్మిగ్రేషన్ చట్టం నైతిక పతనంతో కూడిన నేరంగా చూస్తుంది. అందులో కూడా ఒక పెట్టీ నేరం మినహాయింపు ఉంది. జీవితంలో ఒకే ఒక్క నేరం అయి ఉండాలి, దానికి గరిష్ఠ శిక్ష ఏడాది మించకూడదు, వేసిన శిక్ష ఆరు నెలలు మించకూడదు. మీ అబ్బాయి దానిలోకి రావచ్చు. కానీ ఆ దేశంలో అడుగుపెట్టిన అయిదేళ్లలోపు ఇలాంటి నేరం జరిగి, దానికి ఏడాది లేదా అంతకన్నా ఎక్కువ శిక్షకి వీలుంటే, వెనక్కి పంపేసే సెక్షను వేరే ఉంది. అంటే విలువ లెక్కలో తేడా వచ్చి క్లాస్ బి కాస్తా క్లాస్ ఏ అయితే కథ మారిపోతుంది. స్టోరు వాళ్లు ఇచ్చిన వస్తువుల జాబితా, ధరలు ఒక్కొక్కటీ సరిచూసుకోమనండి.

ఇంకొకటి, చాలామంది పిల్లలు చిక్కుకునేది ఇక్కడే. టెక్సస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ అని ఇస్తారు. ఒప్పుకో, కొన్నాళ్లు బుద్ధిగా ఉండు, కేసు కొట్టేస్తాం అంటారు. రాష్ట్రం లెక్కలో అది శిక్ష కాదు. ఇమ్మిగ్రేషన్ లెక్కలో మాత్రం ఒప్పుకుని ఏదో ఒక షరతుకి లోబడితే అది శిక్షే. ఒప్పుకోకముందే నడిచే కార్యక్రమాలు కొన్ని చోట్ల ఉంటాయి, అవి వేరు. ఆ తేడా వాడి వకీలుకి తెలిసి ఉండాలి. ఒప్పుకోవడం వల్ల దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉంటే వకీలు ముందే చెప్పి తీరాలని 2010లో అక్కడి సుప్రీంకోర్టు పాడియా కేసులో చెప్పింది. కాబట్టి క్రిమినల్ వకీలు ఒక్కరే చాలరు, ఇమ్మిగ్రేషన్ వకీలు కూడా కాగితం చదవాలి. ఇద్దరి ఫీజూ కలిపి మీకు బరువే, తెలుసు. అయినా ఖర్చు పెట్టాల్సిన చోటు ఇదే.

కేసు కొట్టేసినా, రేపు వీసా ఫారంలో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అని అడిగితే వాడు అవునని రాయాలి, కోర్టు కాగితాలు జతచేయాలి. మొదటి వాయిదా ఎప్పుడో మీ ఉత్తరంలో లేదు. ఆ తేదీ లోపు ఇద్దరు వకీళ్లూ ఒకసారి ఫోనులో మాట్లాడుకునేలా చూడమనండి. అంతవరకు వాడు ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు, స్టోరు వాళ్లు పంపే రాజీ కాగితమైనా సరే. వాళ్లు డబ్బు అడుగుతూ ఉత్తరం పంపితే అది కూడా వకీలుకే ఇవ్వమనండి. ఏమైందో నాకు మళ్లీ రాయండి.